పుట్టను వదిలి లేచినవి

మా పుట్టిల్లు ఆలూరు దిక్కు. అక్కడ కొండా లేదు, అడవీ లేదు. చూపు ఆనినంత దూరం నల్లరేగడి. జొన్న, పత్తి, శనగ. వాన పడితే కాలు మోకాలి దాకా బురదలో దిగబడేది. పడకపోతే నేల చెయ్యి పట్టేంత బీటలు వారేది. పుట్టగొడుగు అంటే మాకు పెంటదిబ్బ మీద లేచే కుక్కగొడుగే. పిల్లలు దాన్ని కాలితో తన్ని విరగ్గొట్టడమే తప్ప ఎవరూ చేత్తో ముట్టుకునేవారు కాదు. మా ఇంటి చుట్టూ కన్నడం మాట్లాడే ఇళ్లు ఎక్కువ. వాళ్ల నోట విని మేమూ దాన్ని అణబె అనేవాళ్లం.

యాభైల మొదట్లో నన్ను కడప దిక్కున, కొండ కింద ఒక పల్లెకిచ్చారు. ఇంట్లో అత్త, మామ, మా ఆయన, నేను. ఆడబిడ్డలు లేరు. మామ తక్కువ మాటల మనిషి. సంగటి తిని, చెయ్యి కడుక్కుని, తుండు దులిపి భుజాన వేసుకుని లేచిపోయేవాడు. కూర బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. అటువంటి మనిషి ఒకనాడు తింటూ తింటూ ఆగి, "వానలు పడింటే ఈ పాటికి పుట్టగొడుగులు తింటాంటిమి," అన్నాడు.

"అణబెలా? వాటిని తింటారా?" అన్నాను, వడ్డిస్తున్న గరిటె ఆపి.

అత్త పకపకా నవ్వింది. "అణబె అంట! ఏం పేరమ్మే అది? తింటారా అని అడుగుతాండావు. మీ మామ ఆ కూర కోసరమే నన్ను ఇడ్సిపెట్టకుండా ఉండాడు."

మామ నవ్వలేదు గానీ తల వంచుకుని మీసం తుడుచుకున్నాడు. ఆయన సిగ్గుపడగా నేను చూసింది అప్పుడే.

నేను కాపురానికి వచ్చింది కరువు కాలం. మబ్బు కొండ మీదికి వచ్చేది, నిలబడేది, అటునుంచి అటే పోయేది. పక్క ఊళ్లో గంజి పోస్తున్నారని జనం చట్టీలు పట్టుకుని నడిచిపోయేవారు. మా బావి అడుగున కాసిని నీళ్లుండబట్టి ఒక్క మడి కొర్ర పండింది. అట్లాంటి పొడి నేల మీద, వెతికినా ఒక్క పుట్టగొడుగు కనపడని చోట, అత్త నాకు పుట్టగొడుగులు గుర్తుపట్టడం నేర్పడం మొదలుపెట్టింది.

పని ఉన్నా లేకున్నా పొద్దు వాలే ముందు నన్ను వెంటబెట్టుకుని చేలగట్ల వెంబడి తీసుకుపోయేది. చెదలు కట్టిన ఎర్రమట్టి పుట్టలు చూపించేది. ఎండకు రాయిలాగా బిగుసుకుపోయి ఉండేవి.

"ఈడ లేస్తాయి," అనేది ఒక పుట్ట మొదట్లో కాలివేలితో గీసి. "పెద్ద ఉరుము ఉరిమి వాన పడల్ల. ఎనక రోంత ఎండ రావల్ల. అప్పుడు నేల పగిలి లేస్తాయి."

నేను అక్కడికే చూసేదాన్ని. ఎర్రమట్టి, ఒక ఎండు గడ్డిపోచ. "ఎట్లుంటాయత్తా?"

ఆమె గొంతుక్కూర్చుని దుమ్ములో వేలితో గీసేది. "గొడుగుకు నడుమ మొన ఉంటాది. కింద మడతలు తెల్లగుంటాయి, పుస్తకంలో కాయితాల మాదిరి. కాడ పట్టుకుని పైకి లాగితే వేరు పుట్టలోకి పోయింటాది, మూర పొడుగు. అదీ మనది. కాడకు గాజు తొడిగినట్ల కడియం ఉన్నిందనుకో, అది కుక్కగొడుగు. పుట్టను వదిలి లేసిందాన్ని అసలే ముట్టుకోగాకు. ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు."

నేను చెప్పేదాన్ని. మొన, తెల్ల మడతలు, వేరు, కడియం లేని కాడ. ఎన్నడూ చూడని మనిషి పోలికలు బట్టీ పట్టినట్టుండేది. ఇంటికి వచ్చే దావలో మళ్లీ అడిగేది. ఒకటి మరిచిపోతే "నీ తలకాయ" అనేది. కూతుళ్లు లేరు కాబట్టి తనకు తెలిసింది నాకు అప్పజెబుతోంది కాబోలు అనుకున్నాను. వానే లేనప్పుడు ఇంత తొందరేమిటో మాత్రం నాకు అంతు పట్టలేదు.

తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం ఆమె కొర్రలు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తి ఎక్కడో దూలం వైపు చూస్తోంది, వేళ్లు మాత్రం చేటలో తిరుగుతున్నాయి. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. నన్ను చూడలేదు. కదిలేసరికి, "ఎవరూ?" అంది.

మా ఆయనతో చెప్పాను. ఆయన బండి కట్టుకుని ఆమెను టౌనుకు తీసుకుపోయాడు. డాక్టరు రెండు కండ్ల రెప్పలూ ఎత్తి దీపం పెట్టి చూసి, శుక్లాలని చెప్పాడట. తీస్తే చూపు వస్తుంది గానీ ఇంకా పండలేదు, పూర్తిగా కమ్మినాక తీసుకురండి అన్నాడట. అప్పట్లో అదే పద్ధతి.

"పండల్లనా? అదేమన్నా మామిడికాయనా?" అన్నాడు మామ.

"నాకింకా కనపడతాండాది కదా అని ఆ డాక్టరు అనేది," అంది అత్త. "మొత్తం కనపడకుండా పోయినాక రమ్మన్న్యాడు. అంతవరకు ఏం చెయ్యల్లనో అడిగితే, ఏం చెయ్యొద్దు, ఊరికే ఉండు అన్న్యాడు."

ఊరికే ఉండటం ఆమెకు చేతకాలేదు. నన్ను పుట్టల చుట్టూ ఇంకా ఎక్కువగా తిప్పింది.

ఎట్టకేలకు వాన పడింది. కొండ దద్దరిల్లేట్టు ఉరిమి, ఇంటి ముందు వీధి కాలువై పారింది. మర్నాడు ఎండ పొడసూపగానే అత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, "పోదాం పామ్మే," అంది. చిన్నపిల్లలాగా నడిచింది. కాళ్లకు దావ తెలుసు, కండ్లతో ఆమెకు పనిలేదు.

నేను అప్పజెప్పిన పాఠానికీ అక్కడ నేల మీద కనిపించినదానికీ పొత్తు కుదరలేదు. గట్ల మీద, కంపచెట్ల కింద, పేడ మీద, ఎక్కడ చూసినా గొడుగులే. గుండ్రంగా ఉన్నవి, గిన్నెలా తిరగబడినవి, నల్లగా నీరుగారుతున్నవి, బూడిదరంగువి, సున్నం కొట్టినట్టు తెల్లనివి. మొన ఉందని పరుగెత్తితే కాడకు కడియం ఉండేది. కడియం లేదని సంతోషపడితే వేరు ఉండేది కాదు. నేను ఒకటి పీకి, "అత్తా, ఇదేనా?" అనేదాన్ని. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కాడను నిలువుగా చీల్చి వేళ్ల మధ్య నలిపి, "పారెయ్," అనేది. ఇంకొకటి. "పారెయ్." ఇంకొకటి. "పారెయ్. చెయ్యి కొంగుకు తుడుచుకోగాకు, మట్టికి తుడువు."

ఒక పుట్ట దగ్గర పక్కపక్కన లేచినవాటిలో ఒకటి ఒడిలో వేసుకుని ఇంకొకటి విసిరేసింది.

"రెండూ ఒకటే కదా?" అన్నాను.

"ఒకటే ఏంది? ఇది అది కాదు."

"ఎట్ల తెలిసింది మల్ల?"

"ఎట్లంటే ఏం చెప్పేది? జాతరలో మీయమ్మను ఎట్ల గుర్తుపడతావు నువ్వు? ముక్కు ఇట్లుంటాది, చెవి అట్లుంటాది అని లెక్కపెట్టుకుంటావా?" అని, నా ముఖం చూసి కాదు గానీ, నేను మాట్లాడకపోవడం చూసి కాస్త మెత్తబడింది. "వాసన సూడు. పిండి విసిరేటప్పుడు వచ్చే వాసన."

నేను వాసన చూశాను. తడి మట్టి వాసన. విసిరేసిన దాన్ని తెచ్చి చూశాను. అదీ తడి మట్టి వాసనే. ఆ వానాకాలమంతా ఆమె వెంట తిరిగాను. నా అంతట నేను ఏరి, ఇది మనదే అని గట్టిగా చెప్పగలిగినవి చాలా తక్కువ. చెప్పినప్పుడు కూడా ఆమె తల ఊపేదాకా దాన్ని ఒడిలో వేసుకునేదాన్ని కాదు.

ఆమె మధ్యమధ్య ఒకదాన్ని నా ముందు తిప్పి పట్టి, "దీని కింద యే రంగుండాదో చెప్పు," అనేది. పరీక్ష పెడుతోందనుకుని నేను తెలుపనో గోధుమ రంగనో జాగ్రత్తగా చెప్పేదాన్ని. ఆమె తల ఊపి ఒడిలో వేసుకునేది, లేదా పారేసేది. ఆమె అడుగుతున్నది తనకు కనపడక అని నాకు వానలు వెనకబడే కాలానికి గానీ తోచలేదు. తోచినా పైకి అనలేదు. ఆమెకూ అది ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

ఆమె వండిన కూర మాత్రం మరవలేను. ఎర్రగడ్డలు, తెల్లగడ్డ, ఎండుకొబ్బరి, గసగసాలు, నిండా మిరప్పొడి. పొయ్యి దించే ముందు కాలి వెండిమెట్టె ఒకటి తీసి కడిగి కూరలో వేసేది. నల్లబడితే విషం, తెల్లగా ఉంటే నిర్భయంగా తినొచ్చునని వాళ్లమ్మ చెప్పిందట. మెట్టె ఎప్పుడూ తెల్లగానే బయటికి వచ్చేది.

మరుసటి వానాకాలానికి నేను కడుపుతో ఉన్నాను. వేవిళ్లు. తాలింపు వాసన తగిలితే చాలు, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేవి. ఆ ఏడు వానలు ముందే దిగి, విడవకుండా కురిశాయి. ఊరికీ టౌను దావకూ మధ్య ఉన్న వంక నిండి పారుతోంది. ఒక ఉదయం కాస్త తెరిపి ఇచ్చింది.

"లెయ్, పోదాము," అంది అత్త.

లేచాను. గడప దాకా పోయి అక్కడే కూలబడి కక్కుకున్నాను. అత్త వచ్చి నా వీపు రాసి, నీళ్లు పుక్కిలించమని చెంబు ఇచ్చి, "నువ్వు పండుకో. నేను పోయొస్తా," అంది.

"ఒక్కదానివే ఏంటికత్తా? రేపు పోదాములే."

"రేపటికి పురుగు పడతాదమ్మే. నాకు తెలీని దావనా?"

పోయి ఒడి నిండా తెచ్చింది. వరండాలో చేటలో కుమ్మరిస్తే నేను నులకమంచం మీదినుంచే చూశాను. అన్నీ మొగ్గలు, ఇంకా విచ్చుకోనివి. కోడిగుడ్లు కుప్ప పోసినట్టుండింది. నిండా బురద. మళ్లీ వాన అందుకోవడంతో ఆమె చూరు కింద కూర్చుని, బురద పట్టిన కాడలు కత్తిపీటతో కోసి పారేసి, పైవి కడిగింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పశువుల కొట్టం దగ్గరికి పోయి నిలబడ్డాను. మెట్టె వేసింది. మెట్టె తెల్లగానే ఉంది.

మామ తిన్నాడు. రెండోసారి వడ్డించుకుని, "ఈ తూరి కమ్మగుండాయి," అన్నాడు. అత్త మొహం విప్పారింది. మా ఆయన గబగబా నాలుగు ముద్దలు తిని, చేని కట్ట తెగుతుందేమోనని పార భుజాన వేసుకుని పోయాడు. అత్త ఆఖరున తినింది. నాకు రోంత తినమని గిన్నెలో తీసి పెట్టింది. తలుచుకుంటేనే తిప్పింది, వద్దన్నాను.

పొద్దు ఇంకా వాలలేదు. మామ వరండాలో పడుకున్నవాడల్లా ఉలిక్కిపడి లేచి, అరుగు చివరికి పోయి వంగాడు. తిన్నదంతా పోయింది. కాసేపటికి మళ్లీ. ఆ తర్వాత కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు. మాట తక్కువ మనిషి, అప్పుడు కూడా అరవలేదు. పళ్లు కొరుకుతున్న చప్పుడు మాత్రం వినపడింది. నేను నీళ్లు తేవడానికి లోపలికి పోతే అత్త పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గోడకు తల ఆనించుకుని ఉంది.

"అత్తా?"

"మామకూ కక్కు వచ్చిందా?" అంది. అంతే. ఆమెకు తెలిసిపోయింది. ఆమె మొహంలో నేను చూసింది నొప్పి కాదు. నేను ఆ మొహం వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను.

మా ఆయనను చేలోనుంచి ఇద్దరు మోసుకొచ్చారు. గట్టు మీద పడి ఉన్నాడట.

ఇంట్లో ముగ్గురు పడిపోయారు, నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. నాకూ డోకులు వస్తున్నాయి, అది వాళ్లకొచ్చిన రోగమో నా వేవిళ్లో నాకే తెలియదు. పక్కింటి పెద్దామె పరుగున వచ్చింది. చింతపండు రసం పొయ్యమంది, పోశాను, నిలవలేదు. మజ్జిగ పొయ్యమన్నారు ఇంకెవరో, అదీ నిలవలేదు. "నీళ్లు ఇయ్యగాకు, నీళ్లిస్తే ఇంకా కక్కుతారు," అంది పెద్దామె. మామ మాత్రం నా చెయ్యి పట్టుకుని "నీళ్లు" అంటున్నాడు. నాలుక ఎండిపోయి తెల్లగా ఉంది.

ఊళ్లో ఒక ముసలి సాయబు ఉండేవాడు. విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు, పశువులకు మందులిచ్చేవాడు. ఆయన్ను పిలుచుకొచ్చారు. ఆయన ముగ్గురి నాడీ చూశాడు. చేతిలో మూలికల సంచి ఉంది గానీ దాన్ని విప్పలేదు.

"ఎముక ఇరిగితే కడతా, తేలు కుడితే మంత్రిస్తా. ఇది నాకు తెల్దమ్మా," అన్నాడు. "తెల్దని చెప్పేది మేలు. టౌనుకు తీసుకుపోవల్ల."

"వంక పారుతాండాది గదప్పా," అన్నాడు వాకిట్లో ఎవరో.

"పారుతాండాదని నాకూ తెలుసు," అన్నాడు సాయబు. పోబోతూ నా దగ్గర ఆగి, మెల్లగా, "నీళ్లు అడిగితే గొంతు తడపమ్మా. ఒక్కొక్క చెంచా. ఎండిపోనియ్యగాకు," అన్నాడు.

ఒకరు ఇయ్యొద్దంటారు, ఒకరు ఇయ్యమంటారు. ఎవరి మాట నిజమో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. దాహం అడిగినవాళ్లకు నీళ్లివ్వకుండా ఉండటం నాచేత కాలేదు. చెంచాతో పోస్తూ కూర్చున్నాను, ఒకరి తర్వాత ఒకరికి. మా ఆయనకు నిలిచాయి. అత్తకు సగం నిలిచాయి. మామకు నిలవలేదు. ఊరి మగవాళ్లు వంక గట్టుకు పోయి చూసి రావడం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ పోవడం. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? దుంగలు కొట్టుకొస్తున్నాయట.

తెల్లవారినాక వంక నడుము లోతుకు దిగింది. మామను మంచం మీదే నలుగురు తలకెత్తుకుని దాటించారు. అవతలి గట్టున బండి సిద్ధంగా ఉంది. ఎద్దులకు కాడి వేస్తుండగా పోయాడట. ఇంట్లో ఇద్దరినీ వదలలేక నేను వెంట పోలేదు. మంచం వాకిలి దాటేటప్పుడు ఆయన కండ్లు తెరిచి చూరు వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. మోసుకుపోయినవాళ్లు మంచం తలకెత్తుకుని మెల్లగా తిరిగి రావడం చూసి నాకు అర్థమైంది. అత్త లోపలినుంచి, "వంక దాటినారా?" అని అడుగుతూనే ఉంది. దాటినారత్తా, అన్నాను. దాటడమైతే దాటారు.

మా ఆయన కొన్నాళ్లకు తేరుకున్నాడు. అత్త కూడా లేచి తిరిగింది. ఊళ్లో వాళ్లు వచ్చి, ఆయువు తీరిందమ్మా, నీ చేతిలో ఏముండాది అని ఆమెతో అనేవారు. ఆమె వినేది. వాళ్లు పోయాక నన్ను అడిగేది.

"నువ్వు మంచం మీద పండుకోని సూసినావు గదా? ఎట్లుండాయమ్మే అవి?"

"మొగ్గలత్తా. నిండా బురద."

"తెల్లగుండాయా?"

"తెల్లగనే ఉండాయి."

"పుట్ట మీదే పెరికినా. మట్టి చేతికి తగిలింది. వాన్లకు పుట్ట కరిగి చుట్టూ పరుసుకోనుండాది. అంతా పుట్టమట్టే. దాంట్లో యేది పుట్టదో, యేది పక్కన లేసిందో..." అని ఆగిపోయేది. ఇంకోరోజు మళ్లీ మొదటినుంచి అడిగేది. నేను మళ్లీ అవే చెప్పేదాన్ని. అంతకు మించి నాకు తెలిసింది లేదు. నేను కడుపులో ఏదో ఒక జవాబు దాచుకుని చెప్పకుండా ఉన్నట్టు ఆమె నా వైపు తిరిగి కూర్చునేది. నా దగ్గర దాచుకోవడానికి కూడా ఏమీ లేదు.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. మళ్లీ వానలు వచ్చాయి. బిడ్డను అత్త ఒళ్లో పెట్టి నేను ఒక్కదాన్నే గట్ల మీదికి పోయాను. తినడానికి కాదు. ఆమెకు చెప్పడానికి ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని. ఆనాడు పెరికినానని ఆమె చెప్పిన పుట్ట దగ్గరే, పుట్టకు కాస్త ఎడంగా, పశువులు నడిచే గడ్డిలో తెల్లగా లావుగా లేచినవి కనపడ్డాయి. మనవాటికీ వీటికీ మొగ్గల్లో ఏ తేడా లేదు. మడతలు తెల్లనే. కాడకు సన్నని కడియం ఉంది గానీ, బురద వేలితో తుడిస్తే కిందికి జారి రాలిపోయింది. వేరు మాత్రం లేదు. కాడ చిన్న గడ్డతో అక్కడే ఆగిపోయింది.

విచ్చుకున్నది ఒకటి తెచ్చి, బిడ్డకు అంటుకోకుండా కొట్టం గోడ మీద, మామ పాత పంచె గుడ్డపేలిక మీద పెట్టి మరిచిపోయాను. మర్నాడు పేడ ఎత్తడానికి పోయి గొడుగును కదిలిస్తే, కింద గుడ్డ మీద పాచిలాంటి ఆకుపచ్చ పొడి రాలి ఉంది. మడతల గీతలు గీతలుగా, ముగ్గు వేసినట్టు. మరుసటి రోజు అసలైన పుట్టగొడుగు ఒకటి వేరుతో సహా తవ్వి తెచ్చి అదే గుడ్డ మీద ఇంకో పక్క పెట్టాను. దాని కింద లేత గులాబీ రంగు పొడి రాలింది.

నాకు ఏడుపు వచ్చింది. ఇంత తేట తెల్లంగా చెబుతుంది అది. అయితే విచ్చుకుని, ముదిరి, ఒక పొద్దు గడిచాక చెబుతుంది. మొగ్గను కోసి మధ్యాహ్నానికి వండుకునేవాళ్లకు చెప్పదు.

గుడ్డ తీసుకుపోయి అత్త ముందు పరిచాను. చెప్పాను. ఆమె వంగింది. ముక్కు గుడ్డకు తగిలేంతగా వంగింది.

"యాడుండాది పచ్చ?"

ఆమె వేలు పట్టుకుని పొడి మీద పెట్టాను. వేలితో రాసి, కంటి దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పింది. "నాకేం కనపడల్యామ్మే," అంది. "గుడ్డ తెల్లగుండాది. అంతే."

కండ్లు పూర్తిగా కమ్మేవరకు ఇంకా కొన్నేళ్లు పట్టింది. చివరికి, ఇప్పుడు పండాయని చెప్పి కర్నూలు ఆసుపత్రిలో తీశారు. కట్లు విప్పేదాకా తల కదపకుండా పడుకోమన్నారు. ఆమె తల చుట్టూ ఇసుక మూటలు పెట్టారు. నేను పక్కన కూర్చుని ఆమె నోట్లో గంజి పోశాను. తర్వాత సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. పెట్టుకుని బయటికి రాగానే నా మొహం మీద చెయ్యి వేసి, "ఎంత ముసిలిదానివి అయిపోతివే," అని నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వగా విన్నది అదే మొదలు.

ఆ వానాకాలం ఆమె తనే అడిగింది. "ఆ పచ్చ సూపించు."

కొత్తది తెచ్చి కొత్త గుడ్డ మీద పెట్టాను. తెల్లవారినాక ఇద్దరం పోయి ఎత్తి చూశాం. ఆమె అద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మొగ్గలప్పుడు తెల్లగుంటాదా ఇది?"

"తెల్లగే ఉంటాదత్తా. మడతలు చూసి చెప్పేకి కాదు."

"వేరు?"

చెప్పక తప్పలేదు. "దీనికి వేరుండదు."

ఆమె కాడ కొసను వేలితో తడిమింది. "నేను లాగినవాటికి వేరు ఉన్నిందా మే?"

"నాకు తెలీదత్తా."

"నాకూ తెలీదు," అంది. "బురద కాడలని కోసి పారేస్తి. అన్నీ కలిపి కోసి పారేస్తి." కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలనే తుడుచుకుంది.

రెండు రోజులకు పెద్ద ఉరుములతో వాన పడి ఎండ కాసింది. అత్త ఎవరికీ చెప్పకుండా పోయి, చిన్న గునపంతో తవ్వి, చేట నిండా పుట్టగొడుగులు తెచ్చి నా ముందు పెట్టింది. "సూడు," అంది. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. నడుమ మొన. తెల్ల మడతలు. కాడకు కడియం లేదు. ప్రతిదానికీ మూరెడు వేరు, కొసన చెదల మట్టితో సహా. వాసన చూశాను. విసిరిన పిండి వాసన. ఇన్నేళ్లకు ఆ వాసన నా ముక్కుకు అందింది. ఒకటి విచ్చుకున్నదాన్ని గుడ్డ మీద పెట్టి మరునాటిదాకా ఆగాను. గులాబీ రంగు పొడి.

"మనవే అత్తా. అన్నీ మనవే," అన్నాను.

"నాకు తెలుసు," అంది ఆమె.

నేను ఎర్రగడ్డలు తీసి ముందర పెట్టుకున్నాను. ఆమె పొయ్యి దగ్గర కూర్చుంది. పాప వాకిట్లో ఆడుకుంటోంది. మా ఆయన పొలం నుంచి వచ్చే వేళయింది. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. పొయ్యి ఇద్దరమూ వెలిగించలేదు.

మూడో రోజుకు చేటలో పురుగు కనపడింది. నేను తీసుకుపోయి దిబ్బ మీద పోసి, చేట కడిగి ఎండలో పెట్టి వచ్చాను. అత్త అప్పటికే పప్పులోకి చుక్కకూర కడుగుతోంది.